అప్‌డేట్: అపార్ట్‌మెంట్ ఉగాది లక్కీ డ్రా సంగతి

వాచ్‌మన్ గారి అబ్బాయి ఆపరేషన్ కోసం వంద రూపాయల కూపన్లు అమ్మి ఉగాదికి డ్రా తీయొచ్చా అని అడిగా కదండీ, మాది బెంగళూరు మారతహళ్లి. లాయర్ గారిని కలిశాం, వద్దనే అన్నారు. డబ్బు తీసుకుని చీటీ తీసి ప్రైజ్ ఇస్తే మంచి పనికైనా అది లాటరీయేనట, సర్కారు అనుమతి లేకుండా లాటరీ ఆఫీసు నడిపితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, అంటే ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 297 కింద ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. టికెట్ల గురించి ప్రకటన వేసినా 5000 దాకా ఫైన్, అంటే వాట్సాప్‌లో పోస్టర్ పెట్టడం కూడా రిస్కే. కర్ణాటకలో ప్రభుత్వ లాటరీలే 2007లో ఆపేశారు.

అందుకే విరాళాలు విడిగా రసీదు ఇచ్చి తీసుకుంటున్నాం. డ్రా మాత్రం ఫ్రీ, డబ్బిచ్చినా ఇవ్వకపోయినా ఫ్లాట్‌కి ఒకటే చీటీ. ఈ రెండూ కలపొద్దని లాయర్ గారు గట్టిగా చెప్పారు. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్సండీ, పిల్లాడి హాస్పిటల్ అడ్మిషన్ అయిపోయింది.