వేట మొదటి రోజు ముందు రాత్రి కళ్ళు మూయనివాడు మంచె ఎక్కొచ్చా?

మాడిసన్ చలిగాడు:
అమెరికాలో మా విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకల్ని వేటాడే సీజన్ ఈ శనివారం మొదలు. నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం నుంచి తొమ్మిది రోజులు, ఇక్కడున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. నేను ఆఫీసు వాళ్ళతో ఉత్తరాన ఒక క్యాంపుకి వెళ్తాను. శుక్రవారం రాత్రి అక్కడ ఎవడూ పడుకోడు. పేకాట, బీరు, ఎప్పుడో తప్పించుకుపోయిన దుప్పి కథలు, అవి అయ్యాక పక్క మీద వాలినా గాలి ఎటు వీస్తుందో ఫోన్‌లో చూసుకోవడం, తూటాలు బ్యాగులో పెట్టానా లేదా అని మళ్ళీ లేచి వెతుక్కోవడం. అలారం మోగకముందే అందరూ లేచి బూట్లు తొడుక్కుంటుంటారు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు కాబట్టి చీకట్లోనే మంచులో నడిచి వెళ్ళి చెట్టుకి కట్టిన మంచె ఎక్కి కూర్చోవాలి. నేననేది ఒక్కటే: రాత్రంతా మేలుకున్నవాడు ఆ ఉదయం తుపాకీతో మంచె ఎక్కకూడదు. క్యాంపులో ఈ మాట అంటే నవ్వేశారు. మీరేమంటారు?

లాన్సింగ్ మామ:
అబ్బాయ్, నిద్ర పట్టకపోవడమే కదా పండగ! మా మిచిగన్‌లో నవంబర్ 15న మొదలు, ఏ వారమొచ్చినా అదే తేదీ, ఆ రోజు చాలా చోట్ల బడులకి సెలవు కూడా ఇస్తారు. అంతకు ముందు రోజుల్లో మా రాష్ట్రం రెండు ముక్కల్నీ కలిపే మాకినా వంతెన మీద ఉత్తరానికి పోయే ట్రక్కులు చూడాలి నువ్వు. పెద్ద హీరో సినిమా బెనిఫిట్ షో కోసం థియేటర్ ముందు జాగారం చేసినవాడు హీరో ఎంట్రీ టైముకి నిద్రపోతాడా? ఎండుటాకుల మీద అడుగు చప్పుడు వినపడగానే గుండె గొంతులోకొస్తుంది, ఇంక నిద్రెక్కడిది. పైగా ఆ మొదటి పూట వదులుకుంటే మిగిలేదేముంది? అప్పటిదాకా జింకలకి బెదురుండదు, నవంబర్ మధ్యలో మగవి ఆడవాటి వెంట పడి పట్టపగలే తిరుగుతుంటాయి. ఒక్క రోజు కాల్పులు విన్నాయంటే పొదల్లో దూరతాయి, చీకటి పడితే గానీ బయటికి రావు. సీజన్ మొత్తంలో పడే జింకల్లో పెద్ద వాటా మొదటి రెండు రోజులదే. ఆ రెండు రోజులూ నిద్రపోమంటావా?

రాత్రి డ్యూటీ:
మామగారూ, బెనిఫిట్ షోలో కునుకు తీస్తే ఒక పాట పోతుంది, అంతే కదా. నేను ఎమర్జెన్సీలో నర్సుని, అందుకే రాస్తున్నా. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందనీ, 24 గంటలకి అది 0.10 శాతానికి దగ్గరవుతుందనీ 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఈ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08 ఉంటే కారు నడపడమే నేరం. మీరేమో రైఫిల్ పట్టుకుంటున్నారు, పైగా పైన బీరు లెక్క వేరే ఉంది. అడ్రినలిన్ గురించి మీరన్నది నిజమే, కానీ అది రోజంతా ఉండదు. తొమ్మిదింటికి కాస్త ఎండ తగిలి, ఒళ్ళు వెచ్చబడి, ఏమీ కదలనప్పుడు తల దానంతటదే వాలిపోతుంది. వేటలో ప్రమాదం అనగానే అందరూ తూటా గురించే ఆలోచిస్తారు గానీ మంచె మీద నుంచి పడి వచ్చేవాళ్ళు చాలామంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాలు జారుతుంది, కాబట్టి హార్నెస్ (పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) పైకెక్కాక కాదు, కింద నేల మీదుండగానే తాడుకి తగిలించుకోవాలి. తుపాకీ ఖాళీగా ఉంచి, పైకెక్కాక తాడుతో లాక్కోవాలి. నిద్రలేని మనిషి ముందు ఎగ్గొట్టేది ఇలాంటి పనులే. నలభై దాటినవాళ్ళకి ఇంకో మాట: నిద్ర లేకుండా, చలిలో, అరవై డెబ్బై కిలోల జింకని మంచులో ఈడ్చుకురావడం గుండెకి చిన్న పని కాదు.

పప్పన్నం:
ఒక ప్రాణిని చంపబోతున్నామనే సంబరంలో నిద్ర పట్టలేదట, దాని మీద చర్చ! మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని కొడితే జైలుకి పోతారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది జింక. ఇక్కడికొచ్చేసరికి అన్నీ మర్చిపోతారా?

మాడిసన్ చలిగాడు:
అది వేరే చర్చ అండీ, విడిగా మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను. ఒక్క ముక్క మాత్రం చెప్తా. ఇక్కడి తెల్లతోక జింక కరువైన జంతువు కాదు, దాన్ని వేటాడే జంతువులు చాలా ప్రాంతాల్లో లేవు, రోడ్ల మీద కార్లకి అడ్డం పడి చచ్చేవే బోలెడు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే ఫెడరల్ పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. మేం కొట్టింది తింటాం కూడా.

పప్పన్నం:
సరే, మీ దారిలోనే ఒకటి అడుగుతా. నిద్రలేక చేతులు వణుకుతుంటే గురి తప్పి పొట్టలో తగిలి పారిపోయిన జింక మాటేమిటి? అది అడవిలో ఎంతసేపు కొట్టుకుంటుంది? మీరంతా మీ ఎముకలూ మీ గుండెలూ గురించే మాట్లాడుతున్నారు.

మాడిసన్ చలిగాడు:
ఇందాకటి నుంచి నేను చెప్పలేకపోయింది ఇదే. వేట వద్దనేవాళ్ళు చెప్పాల్సొచ్చింది.

లాన్సింగ్ మామ:
ఆ వణుకు నిద్ర లేకపోవడం వల్ల కాదమ్మా. కొమ్ములున్న మగజింక ఎదురుగా వచ్చి నిలబడితే పదేళ్ళ అనుభవం ఉన్నవాడికీ చేతులాడవు, ఇక్కడివాళ్ళు బక్ ఫీవర్ అంటారు. ఎనిమిది గంటలు గుర్రుపెట్టి పడుకొచ్చినా అదొస్తుంది. దానికి మందు ఒకటే, గురి కుదరకపోతే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు.

రాత్రి డ్యూటీ:
నిజమే, కానీ గురి కుదిరిందో లేదో తేల్చుకోవాల్సిన బుర్రే కదా నిద్ర లేక మొద్దుబారేది.

పిట్స్‌బర్గ్ పాతకాపు:
మీరందరూ మనుషుల్నే అంటున్నారు, కాస్త క్యాలెండర్‌ని కూడా అనండి. మా పెన్సిల్వేనియాలో 1963 నుంచి థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యేది. గురువారం పండగ భోజనం, శుక్ర శని ఆదివారాల్లో తీరిగ్గా క్యాంపుకి పోవడం, కట్టెలు కొట్టుకోవడం, తుపాకీ సరిచూసుకోవడం, ఆదివారం రాత్రికి మనిషి అలిసిపోయి ఎంతో కొంత పడుకునేవాడు. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. బడి పిల్లలకీ, ఉద్యోగస్థులకీ సెలవు కలిసొస్తుందన్నారు, అదీ కాదనలేం. కానీ ఇప్పుడు గురువారం పండగ అంట్లు తోమి, శుక్రవారమంతా డ్రైవ్ చేసి, రాత్రికి చలి గదిలో స్టవ్ రాజేసి, తెల్లారుజామున అడవిలో ఉండాలి. నిద్ర ఎక్కడ దూరుతుంది ఇందులో? నన్నడిగితే మిచిగన్ పద్ధతీ అంత గొప్పదేం కాదు, 15వ తేదీ ఏ బుధవారమో పడితే సగం మంది మంగళవారం ఆఫీసు అయ్యాకే బయల్దేరాలి.

ఇంటావిడ:
మీ నిద్ర గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు, మా నిద్ర సంగతి? ఆయన నారింజ రంగు వేట కోటు, ఇంటి వాసనలు దానికి పట్టకూడదని వారం ముందు నుంచి వరండాలో వేలాడుతుంది, రాత్రి ఒంటిగంటకి మైక్రోవేవ్ మోగుతుంది, రెండింటికి ట్రక్కు స్టార్ట్ అవుతుందో లేదో చూసొస్తాడు. పెళ్ళిచూపులకి ముందు రోజు కూడా ఇంత టెన్షన్ పడలేదని వాళ్ళమ్మే చెప్పింది. మంచె ఎక్కనివ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి, నేను మాత్రం ముందు రోజు ఫోన్ లాక్కోవాలంటాను.

కొత్తగా వచ్చా:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది హెచ్1బి. మా టీమ్ వాళ్ళు విస్కాన్సిన్‌లో క్యాంపుకి పిలుస్తున్నారు. అసలు నేను తుపాకీ పట్టుకోవచ్చా? దీని మీదే నాకు నిద్ర పట్టట్లేదు.

మాడిసన్ చలిగాడు:
మంచి ప్రశ్న తమ్ముడూ. హెచ్1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అయితే రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ గడువులో ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ చేతికి రాకముందు ఫ్రెండ్ రైఫిల్‌ని సరదాకి కూడా ముట్టుకోకు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. అది కాకపోతే మెంటర్‌తో, అంటే వెంట ఉండి నేర్పే వేటగాడితో, వెళ్ళొచ్చు, ఆయన నీకు చేయి చాచితే అందేంత దగ్గర్లో ఉండాలి, లైసెన్స్ అప్పుడూ కావాలి. వీసా విషయం కాబట్టి మీ లాయర్‌ని ఒక మాట అడిగే వెళ్ళు.
అసలు విషయానికొస్తే, నేను ఈసారి క్యాంపులో పెట్టబోయే బేరం ఇది: పది గంటలకి పేక ముక్కలు ఎత్తేయాలి. నిద్ర పట్టనివాడు మానేయక్కర్లేదు, మొదటి పూట నేల మీద వేసిన గుడారంలో కూర్చుంటాడు, పూర్తిగా వెలుతురు వచ్చేదాకా తూటా ఎక్కించడు, పది తర్వాత క్యాంపుకొచ్చి పడుకుని మధ్యాహ్నం మంచె ఎక్కుతాడు. సాయంత్రం కూడా జింకలు తిరుగుతాయి.

లాన్సింగ్ మామ:
నేల మీద కూర్చుంటే ఏం కనపడుతుంది, నా మోకాళ్ళా? ఒప్పుకోను. పేకాట మాట మాత్రం సరే, పదకొండు చెయ్యి.

రాత్రి డ్యూటీ:
మామగారూ, మీకు హార్నెస్ ఉందా అసలు?

లాన్సింగ్ మామ:
ఎందుకు లేదు, ట్రక్కులోనే ఉంటుంది ఎప్పుడూ.

రాత్రి డ్యూటీ:
ట్రక్కు చెట్టెక్కుతుందా?