సమస్య: “నవ్వి తప్పుఁ జేసి నవ్వుఁ గనెను” (ఆటవెలది)

నిర్వాహకురాలు:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య బైబిలు నుంచి. ఆదికాండం 18వ అధ్యాయంలో శారా కథ. మమ్రే దగ్గర మిట్టమధ్యాహ్నం ముగ్గురు అతిథులు వస్తారు, శారా భర్త అబ్రాహాము లోపలికి పరుగెత్తి మూడు మానికల మెత్తని పిండి పిసికి రొట్టెలు చెయ్యమంటాడు. ఏడాది తిరిగేసరికి నీ భార్యకు కొడుకు పుడతాడని అతిథిగా వచ్చిన దేవుడు చెప్పడం గుడారం గుమ్మంలో ఉన్న శారా వింటుంది. అప్పటికి ఆమెకు దాదాపు తొంభై ఏళ్లు. లోలోపల నవ్వుకుంది, ఎందుకు నవ్విందని అడిగితే భయపడి నవ్వలేదంది. కథ తెలియనివారికి ఒక్క ఆధారం ఇస్తాను: తర్వాత పుట్టిన కొడుకు పేరు ఇస్సాకు, ఆ మాటకు హీబ్రూలో అర్థం నవ్వు. నవ్వును కనడం అంటే అదన్నమాట. పైన ఇచ్చిన సమస్యే నాలుగో పాదం, దాన్ని మార్చకుండా ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి. శారాను దేవతను చెయ్యకండి, దుర్మార్గురాలినీ చెయ్యకండి.

తెనాలి తమ్ముడు:
మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

డేర చాటు నిలిచి చేరువ మాటలు
వినిన శార తనదు వృద్ధ దశకు
నమ్మలేక, యేడు నడచిన పిమ్మట
నవ్వి తప్పుఁ జేసి నవ్వుఁ గనెను.

రాజమండ్రి మాస్టారు:
తమ్ముడూ, గణాలు సరిపోయాయి, మొదటి పాదంలో ప్రాసయతి కూడా (యతి అక్షరానికి బదులు దాని పక్క అక్షరం కలవడం, ‘డేర’కు ‘చేరు’) చక్కగా కుదిరింది. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, డేరాని డేర అన్నావు, గణం కోసం మాటను కత్తిరించడం అలవాటు చేసుకోవద్దు. రెండోది పెద్దది. నీ మనసులో ‘ఏడాది తర్వాత కన్నది’ అని ఉంది, పద్యం మాత్రం ‘ఏడాది తర్వాత నవ్వింది’ అంటోంది. ఇది దూరాన్వయం, అంటే కలిసి ఉండాల్సిన మాటలు దూరంగా పడటం. సమస్య ‘నవ్వి’తో మొదలవుతుంది కాబట్టి మూడో పాదం ఆఖరి మాట నేరుగా ఆ నవ్వుకు అతుక్కోవాలి. ‘వృద్ధ దశకు నమ్మలేక’ అన్నది కూడా తెలుగులా లేదు.

తెనాలి తమ్ముడు:
నిజమే మాస్టారూ, నేను చదువుతున్నప్పుడు నాకు తెలియలేదు. రాత్రంతా కూర్చుని మార్చాను.

తెరల చాటు నిలిచి దేవుని మాటలు
వినిన శార, తనదు వృద్ధ దశను
దలచి, యింక సుతుఁడు తనకేమి యని లోన
నవ్వి తప్పుఁ జేసి నవ్వుఁ గనెను.

రాజమండ్రి మాస్టారు:
భేష్. ‘లోన నవ్వి’ అనేసరికి అన్వయం తిన్నగా నడిచింది, పైగా ఆమె పైకి నవ్వలేదన్న సంగతీ వచ్చింది. ఇది నిలబడే పద్యం.

ఖమ్మం అక్కయ్య:
తమ్ముడి పద్యం బాగుంది కానీ నాకొక అభ్యంతరం. అందరం ఆ నవ్వు దగ్గరే ఆగిపోతున్నాం. శారా అసలు తప్పు 16వ అధ్యాయంలో ఉంది. కనాను దేశానికి వచ్చి పదేళ్లయినా పిల్లలు లేరని తన దాసి హాగరును తనే తెచ్చి భర్తకిచ్చింది, ఆమె కడుపుతో ఉండి తనను చిన్నచూపు చూసేసరికి తట్టుకోలేక పారిపోయేంతగా బాధపెట్టింది. ఎడారిలో నీటి బుగ్గ దగ్గర దేవుడు పలకరించింది ఆ దాసిని. చూచుచున్న దేవుడవని ఆయనకు పేరు పెట్టింది కూడా హాగరే. అది వదిలేసి శారా గురించి రాయడం నాకు చేత కాలేదు.

దాసిఁ దెచ్చి మగని దరిఁ జేర్చి, కడ కామె
కడుపు పండగానె కష్టపెట్టి,
వేల్పు మాట వినియు, వెతఁ జెందు డెందాన
నవ్వి తప్పుఁ జేసి నవ్వుఁ గనెను.

రాజమండ్రి మాస్టారు:
అక్కయ్యా, ‘వినియు’లో ఆ ‘యు’ పద్యాన్ని నిలబెట్టింది. విన్నా నమ్మలేకపోయింది, ఎందుకంటే లోపల వెత. ‘డెందాన’ వ్యావహారికం, గ్రాంథికంలో ‘డెందమున’ అనాలి, అప్పుడు గణం మారిపోతుంది. ఈ వేదికలో పట్టించుకోను. మూడో పాదం అలాగే ఉంచండి.

ఖమ్మం అక్కయ్య:
ఆ వెత నాకు తెలుసు మాస్టారూ. పెళ్లైన ఎనిమిదేళ్ల దాకా మాకు పిల్లలు లేరు. ప్రతి ఆదివారం ప్రార్థన అయిపోయాక చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు “విశేషమేమైనా ఉందా అమ్మా?” అని అడిగేవారు, నేను నవ్వేసి లేదని చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక మా ఆయన కూడా ఆ మాట ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు, ఇద్దరం టీవీ పెట్టుకుని కూర్చునేవాళ్లం. నమ్మకం పోయిందని ఒకరికొకరం చెప్పుకోవడానికి కూడా భయం. శారా నవ్వు చదివినప్పుడల్లా నాకు ఆ చెప్పుల దగ్గర నవ్వే గుర్తొస్తుంది.

నిర్వాహకురాలు:
అక్కయ్యా, ఇది రాసినందుకు మీకు నమస్కారం. సమస్య ఇచ్చినప్పుడు నేను ఇంత లోతు ఊహించలేదు.

న్యూజెర్సీ సభ్యుడు:
అక్కయ్యగారి మాట చదివాక నాకు 17వ అధ్యాయం గుర్తొచ్చింది. అక్కడ అబ్రాహాము సాగిలపడి నవ్వుతాడు! నూరేళ్లవాడికి పిల్లాడా, తొంభై ఏళ్ల శారా కంటుందా అని మనసులో అనుకుంటాడు. అదే వాగ్దానం, అదే అనుమానం. ఆయన్ని ఎందుకు నవ్వావని అడిగినట్టు అక్కడ లేదు, ప్రసంగాల్లో మాత్రం మాట పడేది శారాకే. ఇంకొకటి కూడా. భర్తను యజమానుడని పిలిచిందని బైబిల్లోని పేతురు పత్రిక శారాను మెచ్చుకుంటుంది కదా, పెళ్లిళ్లలో ఆ వాక్యం చదవడం విన్నాను. ఆదికాండంలో ఆమె అబ్రాహామును ఆ మాటతో అన్నది ఒక్కచోటే, ఈ నవ్వులోనే, నా యజమానుడు కూడా ముసలివాడైపోయాడు అనుకున్నప్పుడు. అనుమానం, గౌరవం ఒకే వాక్యంలో ఉన్నాయి. అందుకని నేను కర్తనే మార్చాను:

మగఁడు మోము వంచి మదిలోన మును నవ్వె;
నాలు తెరల చాటు నదియె చేసె;
జంట యిట్టు లొకటె శంకను బంచుక
నవ్వి తప్పుఁ జేసి నవ్వుఁ గనెను.

రాజమండ్రి మాస్టారు:
బాబూ, ‘కనెను’ అన్న క్రియ కర్త స్త్రీయే అనుకుంటూ ఇన్ని పూరణలు చదివాను, ‘జంట’ను కర్తను చేసి అందరినీ దాటిపోయావు. జ, శలకు యతి చెల్లుతుంది. ‘పంచుకొని’కి ‘పంచుక’ వాడుకలో ఉన్నదే. ‘మోము వంచి’ ఒక్కటే కాస్త తక్కువైంది, ఆయన సాగిలపడ్డాడు కదా. దొరికితే మార్చు, దొరక్కపోతే వదిలెయ్.

ఖమ్మం అక్కయ్య:
ఈ పద్యం మా ఆయనకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు.

నిర్వాహకురాలు:
వాగ్దానం వచ్చినప్పుడు అబ్రాహాముకు 75, ఇస్సాకు పుట్టినప్పుడు 100. మధ్యలో పాతికేళ్లు ఆ ఇద్దరూ ఒకే గుడారంలో ఎదురుచూశారు. పూరణలు ఇంకా పంపాలనుకునేవారు శనివారం రాత్రిలోగా పంపండి. వచ్చే వారానికి సమస్య: “ప్రేమ లేని యింటఁ బేరు నిలిచె.” ఇదీ ఆటవెలదే, ఇదీ ఆదికాండం నుంచే. ఏ స్త్రీ గురించో ఈసారి నేను చెప్పను.