యోహాను 17:5ను ఏకత్వవాదులు ఎలా వివరిస్తారు?

నేను త్రిత్వం నమ్మే సంఘంలో ఉన్నాను. దగ్గరి స్నేహితుడు మాత్రం ఏకత్వవాది: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ వేరు వేరు వ్యక్తులు కారు, ఒకే దేవుని ప్రత్యక్షతలు అంటాడు. రెండు వారాలుగా యోహాను 17:5 దగ్గరే ఆగిపోయాం. లోకం పుట్టకముందు తండ్రి దగ్గర తనకున్న మహిమను యేసు అక్కడ అడుగుతున్నాడు; అంటే ఇద్దరూ వేరు వ్యక్తులే కదా అని నా వాదన.

మా పాస్టర్‌గారిని అడిగితే నీరు, మంచు, ఆవిరి పోలిక చెప్పారు. తీరా చూస్తే అది మూడు వ్యక్తులను కాదు, ఒకరి మూడు రూపాలనే చూపిస్తుంది. అంటే స్నేహితుడి వాదానికే బలం! 325 నాటి నైసియా విశ్వాస ప్రమాణం (సంఘ నాయకుల సభ ఆమోదించిన విశ్వాస ప్రకటన) చూపించాను, "అది బైబిల్ కాదుగా" అని కొట్టిపారేశాడు.

అతని జవాబు ఇదీ: ఆ మహిమ అప్పటికి దేవుని సంకల్పంలోనే ఉంది, ప్రకటన 13:8లో జగదుత్పత్తి మొదలుకొని వధింపబడిన గొర్రెపిల్లలాగా (గొర్రెపిల్ల అంటే యేసు; ఆయన మరణం కూడా అప్పటికి సంకల్పంలోనే ఉందని అతని భావం). నాకు అతకలేదు గానీ కాదనడానికి ఆధారం దొరకలేదు. గ్రీకులో "నీయొద్ద" అన్నచోట "పారా సోయ్" అని ఉంది. నాకు గ్రీకు అక్షరాలకు మించి రాదు.

గ్రీకు తెలిసినవాళ్లు చెప్పండి: ఈ "పారా సోయ్"కి "నీ సంకల్పంలో" అనే అర్థం వ్యాకరణపరంగా కుదురుతుందా?