ఆదివారం పట్టించి పెట్టిన చికెన్ బుధవారం వండితే తప్పా?

మియాపూర్_మాధవి:
ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది, పిల్లలు తొమ్మిదిన్నరకు పడుకోవాలి. అందుకని ఆదివారం 2 కిలోల చికెన్ అదనంగా తెచ్చి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, అరకిలో చొప్పున కవర్లలో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెడుతున్నా. వండే ముందురోజు రాత్రి ఒక కవరు కింది అరలోకి దించుతా, సాయంత్రం అరగంటలో కూర అయిపోతుంది. మా అత్తగారు మాత్రం అది నిల్వ మాంసం, పిల్లలకు పెట్టొద్దంటున్నారు. మీరేమంటారు?

గోదావరి_గట్టు:
అత్తగారు చెప్పిందే నిజం. ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చావవు. మూడేళ్ల కిందట మే నెలలో మా తమ్ముడింట్లో ఇలాంటి చికెనే తిని నలుగురం వాంతులతో రెండు రోజులు మంచం పట్టాం, అమ్మకైతే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో మాంసం ఫ్రీజర్‌లో పెట్టడమే లేదు.

కడప_కారం:
పెరుగు మాత్రం కలిపి పెట్టకండి. ముక్క పిండిలా అయిపోతుంది. పచ్చి బొప్పాయి అయితే మరీను.

ల్యాబ్_శ్రీను:
చావవు, నిజమే. కానీ మైనస్ 18 డిగ్రీల దగ్గర పెరగవు కూడా. 4 నుంచి 60 డిగ్రీల మధ్యే వాటికి అనుకూలం. గట్టు గారూ, ఆ రోజు చికెన్ ఎక్కడ పెట్టి కరిగించారు?

గోదావరి_గట్టు:
పొద్దున గిన్నెలో వేసి గట్టు మీద పెట్టారు, రాత్రికి వండారు. అందరూ చేసేదే కదా. పైగా మా ఊళ్లో రోజూ రెండు గంటలు కరెంటు పోతుంది.

ల్యాబ్_శ్రీను:
మే ఎండల్లో పగలంతా బయట ఉంచారు, నా అనుమానం అక్కడే. కొన్ని క్రిములు వదిలే విషం ఎంత ఉడికించినా పోదు. కరెంటు గురించి భయం లేదు, తలుపు తెరవకపోతే సగం నిండిన ఫ్రీజర్ కూడా ఒక రోజు ఆగుతుంది.

కడప_కారం:
మాధవి గారూ, పెరుగు వేస్తున్నారా లేదా చెప్పలేదు.

మియాపూర్_మాధవి:
లేదండీ. వండేటప్పుడే వేస్తా.

గోదావరి_గట్టు:
డిగ్రీలు నాకొద్దు. మా అమ్మ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెబుతూనే ఏ పూటకాపూట వండింది. ఓపిక లేక చేసే పనికి సైన్సును అడ్డం పెట్టుకోకండి.

మియాపూర్_మాధవి:
ఓపిక లేదా? వారమంతా పనిచేసి, ఆదివారం పొద్దున్నే చికెన్ షాపు ముందు లైన్లో నిలబడి, మధ్యాహ్నం దాకా వంటింట్లోనే ఉంటున్నా. అది ఓపిక కాదా? మీ ఇంట్లో రోజూ వండేది ఎవరండీ?

గోదావరి_గట్టు:
మా ఆవిడ. కష్టమని ఎప్పుడూ అనలేదు.

మియాపూర్_మాధవి:
మీరు అడిగారా?

నైట్‌షిఫ్ట్_నాన్న:
మా ఇంట్లో వండేది నేనే. ఆ కవర్లు లేకపోతే పిల్లలకు రోజూ బయటి తిండే.

గోదావరి_గట్టు:
అడగలేదు. ఉన్న మాట చెబుతా. అమ్మ పోయి ఏడాదైంది. నేను కోడి కోయించుకొచ్చేలోపు ఆవిడ రోట్లో మసాలా నూరి ఉంచేది, వీధి మలుపుకే వాసన తెలిసేది. కవర్లోంచి తీసి వండింది నాకు మనింటి కూరలా అనిపించదు. క్రిముల సంగతి తర్వాత.

మియాపూర్_మాధవి:
అది నాకు అర్థమవుతుందండీ, మా అమ్మ కూర కోసం నేనూ అలాగే ఎదురుచూసేదాన్ని. ఆదివారం మా ఇంట్లో కూడా తాజా కూరే. కానీ ఆ వాసన కోసం బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఏ ఆడమనిషినీ రోటి దగ్గర నిలబెట్టకండి.

నైట్‌షిఫ్ట్_నాన్న:
శ్రీను గారూ, ఖీమా కూడా ఇలా పెట్టొచ్చా?

ల్యాబ్_శ్రీను:
పెట్టొచ్చు. 3, 4 నెలలు దాటనివ్వకండి. కవరు మీద తేదీ రాయండి.