రెండో స్టాల్: ఏ బ్లాక్ తప్పు, ఏది కాదు? సామాను, డెమో, హ్యాండవుట్

సమన్వయం:
అందరికీ నమస్కారం. శనివారం ఉదయం 10 నుంచి 12:30 వరకు స్కూల్ జిమ్ మనది. అమెరికన్ ఫుట్‌బాల్ అర్థమయ్యేలా చెప్పే మన స్టాళ్లలో మొదటిది (డౌన్లు, అంటే 10 గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాలు; స్కోరు) ఖరారైంది. బ్లాకింగ్ (బంతి ఉన్నవాడి దాకా రాకుండా ఎదుటివాణ్ణి అడ్డుకోవడం) తప్పుల స్టాల్ ఇంకా తేలలేదు. హైస్కూల్ టీముల్లో పిల్లలున్న తల్లిదండ్రులు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు కలిపి విడతకు 15 మంది, 20 నిమిషాలు, మొత్తం 5 విడతలు. ఏం చూపిద్దాం, ఏం కావాలి, ఇక్కడే రాయండి.

రూల్స్:
పెనాల్టీల పట్టిక చదివి వినిపిస్తే ఎవరికీ బుర్రకెక్కదు. మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేద్దాం. మొదటి తాకిడి ముందు నుంచా, వెనక నుంచా? నడుముకు పైనా, కిందా? చేతులు తోశాయా, పట్టుకున్నాయా? జెండా (తప్పు జరిగిందని రెఫరీ విసిరే పసుపు గుడ్డ) ఎందుకు పడిందో చాలాసార్లు ఈ మూడింట్లోనే తేలిపోతుంది.

హోల్డింగ్‌తో మొదలుపెడదాం, ఎక్కువగా కనిపించేది అదే. కబడ్డీ తెలిసినవాళ్లకు తేలిగ్గా చెప్పొచ్చు: అక్కడ పట్టడమే ఆట, ఇక్కడ పట్టుకోదగ్గవాడు బంతి ఉన్నవాడొక్కడే. బ్లాకర్ అరచేతులు తెరిచి, ఎదుటివాడి ఛాతీ వెడల్పు లోపల పెట్టి తోయొచ్చు. చొక్కా గుప్పిట పట్టి లాగినా, మెడకో నడుముకో చేయి చుట్టినా, పక్కనుంచి జారిపోతున్నవాణ్ణి మోచేత్తో కొక్కెం వేసి ఆపినా హోల్డింగే. శిక్ష 10 గజాలు వెనక్కి.

వెనక నుంచి వీపు మీద, నడుముకు పైన తోస్తే బ్లాక్ ఇన్ ద బ్యాక్, 10 గజాలు. వెనక నుంచే నడుముకు కింద తగిలితే క్లిప్పింగ్, 15. ఇద్దరు కలిసి ఒకణ్ణి, ఒకరు నడుముకు కిందా, మరొకరు పైనా కొడితే చాప్ బ్లాక్, అదీ 15. ఇద్దరూ ఒకేసారి కొట్టాలనేం లేదు, కాస్త వెనకాముందైనా తప్పే. పైనుంచి ఒకడు నిలబెట్టి ఉంచితే కాలు కదిలే వీలుండదు, కింది దెబ్బ మొత్తం మోకాలి మీదే పడుతుంది.

డెమో కుర్రాళ్లు:
వీపు సంగతిలో గొడవ రావడం ఖాయం. "మావాడు పక్కనుంచే తోశాడు" అంటారు. ఏం చెప్పాలి?

రూల్స్:
చూడాల్సింది మొదటి తాకిడే. భుజం పక్క తగిలితే తప్పు కాదు. బ్లాకర్ అప్పటికే దూకేశాక ఎదుటివాడు తిరిగి వీపు చూపించినా తప్పు కాదు. ఈ రెండూ నెమ్మదిగా, అడుగు అడుగుగా నడిచి చూపించండి. పంట్ రిటర్న్‌లో (అవతలివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని తిరిగి పరిగెత్తేటప్పుడు) ఈ జెండా ఎందుకు ఎక్కువో కూడా అక్కడే చెప్పొచ్చు: తరిమేవాళ్లు బంతి ఉన్నవాణ్ణి దాటి వెళ్లి వెనక్కి తిరుగుతుంటారు, అడ్డుపడే వాడికి దొరికేది వీపే. అప్పుడు చేతులు పైకెత్తి ఆగిపోవడమే తెలివైన పని. కోచ్‌లు అదే నేర్పుతారు.

బంతి ఉన్నవాడి కోసం వెళ్తున్న డిఫెండర్ దారిలో ఉన్నవాణ్ణి వెనక నుంచి చేత్తో నెట్టి తప్పుకుంటే అది తప్పు కాదని కూడా చెప్పండి. ఇది తెలియక స్టాండ్స్‌లో అరుస్తుంటారు.

సామాను:
కొలతలు చెప్తే టేపు కొంటాను. నేల మీద గీయడానికి ఏమైనా ఉందా?

రూల్స్:
ఉంది, స్టాల్‌కి అసలు ఆకర్షణ అదే. స్నాప్ (సెంటర్ అనే ఆటగాడు బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) దగ్గర ఫ్రీ బ్లాకింగ్ జోన్ అని ఒక దీర్ఘచతురస్రం ఉంటుంది: సెంటర్‌కి అటు 4 గజాలు, ఇటు 4, లైన్‌కి (బంతి పెట్టిన చోట అడ్డంగా ఊహించుకునే గీత, లైన్ ఆఫ్ స్క్రిమ్మేజ్) ముందు 3, వెనక 3. అంటే 24 అడుగులు × 18 అడుగులు. పెద్దవాళ్లతో యార్డ్ అనకండి, గజం అనండి. ఇళ్ల స్థలాలు గజాల్లో కొన్నవాళ్లే కదా, 48 గజాల ప్లాటు అంటే వెంటనే కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆ ప్లాటు లోపల, స్నాప్ అప్పుడు లైన్ మీద ఉన్న ఆటగాడు, లోపలే తన లైన్ మీద ఉన్న ప్రత్యర్థిని, స్నాప్ పడగానే నడుముకు కింద బ్లాక్ చేయొచ్చు. 2021 నుంచి "పడగానే" అన్నది నిబంధనలోనే ఉంది. ఒక్క క్షణం నిలబడి ఆ తర్వాత వంగితే జెండా. బంతి ప్లాటు దాటిపోతే అనుమతీ పోతుంది. షాట్‌గన్‌లో (బంతి అందుకునేవాడు సెంటర్‌కి దూరంగా వెనక నిలబడే పద్ధతి) బంతి వెంటనే 3 గజాలు దాటి వెనక్కి వెళ్తుంది కాబట్టి అక్కడ వ్యవధి దాదాపు లేనట్టే. ప్లాటు బయట నడుముకు కింద బ్లాక్ ఎప్పుడూ తప్పే, 15 గజాలు. బంతి ఉన్నవాణ్ణి కాళ్ల దగ్గర పట్టడం మాత్రం టాకిల్, దానికి ఈ లెక్క వర్తించదు.

ఇంకొకటి: ఆఫెన్స్ (బంతి ఉన్న జట్టు) లైన్‌మెన్ ఆ ప్లాటు లోపలివాళ్లను వీపు మీద నెట్టినా తప్పు కాదు. క్లిప్పింగ్‌కి మాత్రం లోపల కూడా మినహాయింపు లేదు.

సామాను:
సరే. ప్లాటు చుట్టుకొలత 84 అడుగులు, మధ్యలో లైన్ ఆఫ్ స్క్రిమ్మేజ్‌కి 24. మొత్తం 108, అంటే 36 గజాలు. 60 గజాల పెయింటర్స్ టేపు రోల్ ఒకటి సరిపోతుంది, పెనాల్టీ గీతలకు ఇంకొకటి. డక్ట్ టేప్ వద్దు, జిమ్ నేల పాలిష్ లేచిపోతుంది. కోర్టు పొడవు 84 అడుగులు, సరిగ్గా 28 గజాలు, కాబట్టి ప్లాటు ఒక చివర వేసినా 5, 10, 15 గజాల గీతలకు చోటుంటుంది.

జెండాలు: పసుపు గుడ్డ 15 అంగుళాల చదరం, 8 ముక్కలు. మధ్యలో రెండు చెంచాల శనగలు పోసి కుట్టేయాలి. ముడి వేస్తే మూడో విసురుకే నేలంతా శనగలు.

డెమో కుర్రాళ్లు:
మా దగ్గర 6 మంది హైస్కూల్ ఆటగాళ్లు. చాప్ బ్లాక్ ఒక్కటి నిజంగా చేసి చూపిస్తే బాగుంటుందేమో?

రూల్స్:
వద్దు బాబూ. నడుముకు కింద ఏదీ మనిషి మీద చేయకండి, నెమ్మదిగా కూడా వద్దు. సోనా మసూరి సంచిలో పాత దుప్పట్లు కూరి, మూతి కట్టి, నిలువుగా పట్టుకోండి. సంచికి నడుము దగ్గర ఎర్ర టేపు, మోకాలి దగ్గర నీలం టేపు. ఒకరు పైన ఆనుకుంటే రెండోవాడు నీలం దగ్గర తడితే చాలు, విషయం అర్థమైపోతుంది. సంచులు 3 చేయండి, ఒకటి చిరగడం ఖాయం.

బ్లైండ్‌సైడ్ బ్లాక్ కూడా నిలబెట్టి చూపించడమే. వస్తున్నట్టు చూడనివాణ్ణి భుజంతో గుద్దితే 15 గజాలు. అదే బ్లాక్ తెరిచిన అరచేతులతో మొదలైతే తప్పు కాదు. హైస్కూల్ నిబంధనల్లోకి ఇది 2017లో వచ్చింది.

హోల్డింగ్‌కి పాత టీషర్టులు 4. ఛాతీ మీద రెండు నిలువు టేపులు అంటించండి. చేతులు ఆ రెండింటి మధ్య ఉన్నంతసేపు బట్ట గట్టిగా లాగినట్టు కనబడదు. బయటికి పోయిన మరుక్షణం భుజం దగ్గర బట్ట సాగుతుంది. రెఫరీ కంట పడేది ఆ సాగుడే.

హ్యాండవుట్:
డ్రాఫ్టులో "హోల్డింగ్ జరిగిన చోటు నుంచి 10 గజాలు" అని రాశాను. సరేనా?

రూల్స్:
సగం మాత్రమే సరి. 2023లో మారింది. ఉదాహరణతో రాయండి. సొంత 35 (తమ గోల్ గీత నుంచి 35 గజాలు) దగ్గర ఫస్ట్ అండ్ 10, అంటే మొదటి డౌన్, ఇంకా 10 గజాలు వెళ్లాలి. లైన్ వెనక 31 దగ్గర హోల్డింగ్. పాత లెక్కలో 21కి పోయేది. ఇప్పుడు 35 నుంచే కొలిచి 25, ఫస్ట్ అండ్ 20. అదే హోల్డింగ్ లైన్ దాటాక 38 దగ్గర జరిగి, పరుగు 43 దాకా వెళ్లిందనుకోండి: 38 నుంచి కొలిచి 28, ఫస్ట్ అండ్ 17.

పెనాల్టీని తిరస్కరించే హక్కు గురించి ఒక్క వాక్యం పెట్టండి. థర్డ్ అండ్ 8, పాస్ కింద పడింది, ఆఫెన్స్ హోల్డింగ్. డిఫెన్స్ పెనాల్టీకి ఒప్పుకుంటే థర్డ్ అండ్ 18, అవతలివాళ్లకు ఇంకో అవకాశం ఇచ్చినట్టు. కాదంటే ఫోర్త్ అండ్ 8. డిఫెన్స్ ఎక్కువగా కాదనేస్తుంది. "జెండా వేసి మళ్లీ ఎత్తేశారేంటి" అని అడిగేది దీని గురించే.

అడుగున చిన్న గమనిక: ఇవి మన న్యూజెర్సీ హైస్కూళ్ల నిబంధనలు. టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ నిబంధనల మీద ఆడతాయి కాబట్టి ఫ్రిస్కోలో ఉన్న చుట్టాలకు ఈ కాగితం ఫార్వర్డ్ చేయొద్దు.

సమన్వయం:
బాగుంది. హ్యాండవుట్ 80 కాపీలు, ఒకవైపే. టేపు పని శుక్రవారం సాయంత్రం, కనీసం నలుగురు కావాలి: ఇద్దరు కొలత టేపు పట్టుకోవడానికి, ఇద్దరు అంటించడానికి. ఇడ్లీలు, కాఫీ జిమ్ బయట వరండాలోనే, చట్నీ గిన్నెలు లోపలికి రాకూడదు.

సామాను:
సంచులు మా ఇంట్లో రెండే ఖాళీగా ఉన్నాయి. మూడోది ఎవరైనా తేగలరా, 20 పౌండ్లది?