మా అన్నయ్యకు సంరక్షణ గృహం: ఏమి చూసి నమ్మాలి?

ప్రశ్న (ముమ్మిడివరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకు 34 ఏళ్లు. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒళ్లు స్వాధీనంలో ఉండదు), దానికి తోడు ఫిట్స్. మాట లేదు. అన్నం బాగా మెత్తగా మెదిపి పెడితే తప్ప పొలమారుతుంది. నాన్నగారు పోయాక అమ్మే అతన్ని ఎత్తి దించుతూ వచ్చింది. ఆమెకు 67 నిండాయి, మోకాళ్లు అరిగాయి. పోయిన నెల అతన్ని మంచం మీదికి మారుస్తుండగా ఇద్దరూ కింద పడ్డారు.

రెండు హోములు చూశాము. కాకినాడలోది కొత్త భవనం, ఏసీ గదులు. రాజమహేంద్రవరంలోది పాతది, ఇరుకు, అయితే అక్కడి ఆయా అన్నయ్య ఫోటో చూడగానే, "బాబు ఏ పక్కకు తిరిగి పడుకుంటాడమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న నా మనసులోంచి పోవడం లేదు. అది చాలా, ఇంకా ఏమి చూడాలి? "తల్లి బతికుండగా హోములో పడేస్తారా" అని బంధువులు అన్న మాటకు అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

జవాబు 1 (భీమవరం, ఒక తండ్రి)

అమ్మా, మా అమ్మాయి ఆరేళ్లుగా హోములో ఉంటోంది. మొదటిసారి మేము భవనం చూసి మోసపోయాము. మూడు నెలలకే నడుము కింద పడక పుండు పడింది. ఆ పుండును కనిపెట్టింది స్నానం చేయిస్తున్న మా ఆవిడే గాని అక్కడి సిబ్బంది కాదు. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మీ ఆయా అడిగిన ప్రశ్నకు విలువ అందుకే.

ముందుగా చెప్పకుండా మధ్యాహ్న భోజనం వేళకు వెళ్లండి. మేము రెండవ హోములో అరగంట నిలబడి, తినిపించే చేతినే చూశాము. పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి ఉంచి, చిన్న చెంచాతో పెట్టి, ముద్ద మింగాడని చూసుకున్నాకే రెండవది అందించారు. తిన్న తరువాత కూడా వెంటనే పడుకోబెట్టలేదు. తల వెనక్కి వాల్చి చారన్నం పోస్తున్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి, ఎందుకంటే ఆ మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. రాత్రి ఎంతమందికి ఎందరు మేలుకొని ఉంటారో అడగండి. పగటి లెక్క చెప్పి మాట దాటవేసేవారు చాలామంది ఉన్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇటువంటి సంస్థకు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం ఉండాలి. అది చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

జవాబు 2 (రాజమహేంద్రవరం, నర్సు)

ఫిట్స్ మందుల గురించి ఒక మాట. ఒక్క పూట డోసు తప్పినా కొందరికి ఫిట్స్ తిరగబెడతాయి. కాబట్టి మందు ఎవరు, ఎన్ని గంటలకు ఇచ్చారో సంతకంతో రాసే పుస్తకం ఉందా, ఫిట్ ఎంతసేపు వచ్చిందో గడియారం చూసి రాస్తున్నారా అన్నది స్వయంగా పేజీలు తిప్పి చూడండి. అయిదు నిమిషాలు దాటిన ఫిట్‌ను అత్యవసరంగా చూడాలి. అప్పుడు ఏ వాహనంలో, ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో తడుముకోకుండా చెప్పగలగాలి.

మన ప్రాంతంలో వరద మాట కూడా అడగాలి. 2022 జులైలో లంక గ్రామాలు ఎలా మునిగాయో మీకు తెలుసు. నడవలేని వారిని పై అంతస్తుకు ఎవరు మోస్తారు, కరెంటు రెండు రోజులు లేకపోతే జనరేటరు ఉందా, ఆవరణ పక్క కాలువకు కంచె ఉందా?

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 18 ఏళ్లు నిండిన తరువాత తల్లి అయినా చట్టరీత్యా తనంతట తానుగా సంరక్షకురాలు కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు సభ్యులుగా ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. చేర్చక ముందే ఆ పని మొదలుపెట్టండి.

జవాబు 3 (అమలాపురం)

మా తమ్ముణ్ణి ముందు పది రోజులు మాత్రమే ఉంచి చూశాము, అమ్మ పగలంతా పక్కనే ఉండేది. మీరూ అలా అడగండి. వారం వారం వెళ్లిరాగలిగిన దూరంలో ఉన్నదే ఎంచుకోండి. ఇంటివాళ్లు ఎప్పుడు వస్తారో తెలియని హోములో సిబ్బంది జాగ్రత్తగా ఉంటారు. మీ అమ్మగారికి చెప్పండి, ఇది బిడ్డను వదిలేయడం కాదు, తన చేతులకు మరి కొన్ని చేతులు కలుపుకోవడం.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. గురువారం భోజనం వేళకు చెప్పకుండా రాజమహేంద్రవరం వెళ్లాను. ఆయా అన్నయ్య వయసు వాడొకడికి తినిపిస్తూ, మధ్యలో అతని మూతి తన కొంగుతో తుడిచింది. రాత్రి పన్నెండు మందికి ఇద్దరు మేలుకొని ఉంటారని రిజిస్టరు చూపించారు. జనరేటరు లేదు. దాని గురించి మళ్లీ మాట్లాడవలసి ఉంది. పది రోజులకు ఒప్పుకున్నారు.

అన్నయ్య గురించి వాళ్లకు ఇవ్వడానికి ఒక కాగితం రాస్తున్నాము. మందుల పేర్లతో మొదలుపెట్టబోతే అమ్మ ఆపి, ముందు ఇది రాయమంది: "కుడి చెవి దగ్గర మెల్లగా పిలిస్తే నవ్వుతాడు. ఎడమ వైపు నుంచి హఠాత్తుగా ముట్టుకోవద్దు, బెదురుతాడు."