ట్రాన్స్‌ఫార్మర్ మోతలో 50 ఏది? ఈ 101.56 ఎక్కడిది?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, ఈసీఈ మూడో ఏడు. బ్రాడీపేటలో మా సందు చివరి ట్రాన్స్‌ఫార్మర్ రాత్రయితే ఒకటే మోత. మినీ ప్రాజెక్టుకి పనికొస్తుంది కదా అని సెకనుకి 8000 శాంపిళ్ల (శబ్దం కొలతల) చొప్పున రికార్డు చేసి, అందులో 1024 తీసుకుని నంపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) ఎఫ్ఎఫ్‌టీ చేశాను, అదే ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్, మోతలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసే లెక్క. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పీక్ అక్కడ రావాలి కదా, నాకేమో 101.56 దగ్గర ఒకటి, 7898.44 దగ్గర అచ్చం అలాంటిదే ఇంకోటి, సున్నా దగ్గర అన్నిటికంటే పెద్దది. సోమవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది. కోడ్ తప్పా?

జవాబు: కోడ్ బానే ఉంది తమ్ముడూ. లోపలి ఇనుప కోర్ అయస్కాంతమైనప్పుడల్లా దాని కొలత వెంట్రుకవాసి మారుతుంది, కరెంటు ఇటు పారినా అటు పారినా అదే మార్పు, అందుకే సైకిల్‌కి రెండుసార్లు కదిలి మోత 100 హెర్ట్జ్‌లో వస్తుంది. ఇక ఆ 1.56 సంగతి. 8000ని 1024తో భాగించు, 7.8125 వస్తుంది. నీ గ్రాఫ్‌లో గడులు అంత ఎడంతోనే ఉంటాయి: 12వది 93.75, 13వది 101.56, మధ్యలో 100కి గడే లేదు. పావుకిలో రాళ్లు తప్ప లేని కొట్లో 800 గ్రాముల చింతపండు తూస్తే ముప్పావు అనే అంటారు, ఇదీ అంతే. పూర్తి సెకను, అంటే 8000 శాంపిళ్లు తీసుకో, గడికి 1 హెర్ట్జ్ అవుతుంది. శాంపిళ్లు 512, 1024 ఇలాగే ఉండాలని ల్యాబ్‌లో చెప్తారు గానీ నంపై 8000ని కూడా చకచకా చేసేస్తుంది.

7898.44 అంటావా, 8000లోంచి 101.56 తీసేసి చూడు, అదే. పైసగం కిందిసగానికి అద్దంలో బొమ్మ, 4000 దాకా చూస్తే చాలు, కిందిసగమే ఇచ్చే నంపై ఫంక్షన్ ఆర్ఎఫ్ఎఫ్‌టీ వాడితే ఆ గొడవే ఉండదు. సున్నా దగ్గరది శాంపిళ్ల సగటు, ఎఫ్ఎఫ్‌టీకి ముందే దాన్ని అన్నిట్లోంచి తీసేయ్.

విజయవాడ నుంచి ఇంకొకరు: చివర సున్నాలు తగిలించి 8192 చేస్తే సరిపోదా అండీ?

జవాబు: గ్రాఫ్ నున్నగా వస్తుందండీ, పీక్ చోటు కూడా ఇంకాస్త దగ్గరగా తెలుస్తుంది. కానీ 97 దగ్గర ఇంకో మోత కలిసి ఉంటే రెంటినీ విడదీయలేదు, మనం విన్నది 0.128 సెకన్లే కదా.

ప్రశ్న: అన్నా, 8000తో సరిగ్గా 100 దగ్గరే వచ్చింది! 200, 300 దగ్గర కూడా చిన్నవి ఉన్నాయి. వైవాలో అసలు ఎఫ్ఎఫ్‌టీ ఎందుకు అంటే?

జవాబు: ఆ చిన్నవి హార్మోనిక్స్, అంటే 100కి రెట్లలో వచ్చే మోతలు, దాచకుండా చూపించు. 1024 శాంపిళ్లకు ఇదే లెక్క నేరుగా చేస్తే 10 లక్షలకు పైగా గుణకారాలు, ఎఫ్ఎఫ్‌టీకి 5120 చాలు. 1965లో కూలీ, ట్యూకీ అనే గణితజ్ఞులు ప్రచురించాక కంప్యూటర్లలో పాకిపోయింది గానీ, జర్మన్ గణితజ్ఞుడు గౌస్ 1805 ప్రాంతంలోనే గ్రహశకలాల కక్ష్యల కోసం ఇలాంటిదే లాటిన్‌లో రాసుకున్నాడు, ఎవరూ గమనించలేదు పాపం. ఎమ్మారై కూడా చెప్పు: యంత్రం పట్టేది బొమ్మను కాదు, ఫ్రీక్వెన్సీ లెక్కలను, తిరగేసి ఫూరియర్ చేశాకే బొమ్మ కనిపిస్తుంది.

ప్రశ్న: థాంక్స్ అన్నా. ఇంతకీ మోత ఆగుతుందా లేదా అని మా అమ్మ అడుగుతోంది.

జవాబు: అది కరెంటాఫీసు వాళ్లని అడగమను తమ్ముడూ.